1971 షెవర్లే సీ-10 పికప్‌కి పవర్ స్టీరింగ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

గోంగూర తోట, డెంటన్

అందరికీ నమస్కారం. మేముండేది టెక్సాస్‌లో, డెంటన్ ఊరి బయట. నా దగ్గర 1971 షెవర్లే సీ-10 పికప్ ఉంది. పొడుగు బెడ్, 250 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్, మూడు గేర్లు, గేర్ లివర్ స్టీరింగ్ కాలమ్ మీదే. పక్క పొలం పెద్దాయన దగ్గర కొన్నాం. ఆయన దాన్ని కొత్తగా షోరూమ్ నుంచి తెచ్చుకుని ఇన్నేళ్ళూ వాడిన మనిషి. ఇది షోలో పెట్టే బండి కాదు, పని చేసే బండి. మేకల ఎరువు, గులకరాళ్ళు, బీర పందిళ్ళకి వెదురు బొంగులు, అన్నీ దీంట్లోనే వస్తాయి. ఎండాకాలంలో గోంగూర, బీరకాయలు, దోసకాయలు వేసుకుని ఫ్రిస్కో, ప్లేనో దాకా మనవాళ్ళ ఇళ్ళకి తిరిగేదీ దీంట్లోనే.

ఇబ్బంది నా ఎడమ భుజంతో వచ్చింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఫిజియోథెరపీ నడుస్తోంది, కానీ చెయ్యి పూర్తిగా లేవడానికి టైమ్ పడుతుందట. రోడ్డు మీద పోతున్నంతసేపూ బండి బాగానే తిరుగుతుంది. నర్సరీలో లోడు ఎత్తించుకోడానికి వెనక్కి పెట్టాలంటేనే కష్టం. ఎడమ మోచేతిని తలుపుకి ఆనించి, ఒళ్ళంతా ముందుకు వంచి, కుడిచేత్తో చక్రాన్ని కిందికి గుంజాలి. గుంజినప్పుడల్లా క్లచ్ మీద కాలు జారుతుంది. బండి ఓ అడుగు కదిలాక గానీ స్టీరింగ్ మెత్తబడదు. ఆ అడుగు కోసం వెనక మనుషులెవరైనా ఉన్నారేమో అని ఒకటే టెన్షన్.

మా ఆయన కొత్త పికప్ కొనుక్కోమంటున్నారు. నాకు ఇదే కావాలి. ఈ ఇంజిన్ చప్పుడు నాకు తెలుసు, ఎక్కడ ఏ బోల్టు ఉందో తెలుసు. దీన్ని నేను నడపగలిగేలా చెయ్యాలి, అంతే.

అడగదలుచుకున్నవి ఇవి. కంపెనీ పవర్ స్టీరింగ్ భాగాలు వెతకాలా, లేక ఇప్పుడు అమ్ముతున్న కిట్ ఏదైనా మేలా? ఛాసిస్ కొయ్యకుండా అవుతుందా? ఇంకోటి, హైవే మీద 55 మైళ్ళ వేగం దాటితే బండి కాస్త అటూ ఇటూ పోతుంది, చక్రాన్ని సర్దుతూనే ఉండాలి. పవర్ స్టీరింగ్ పెడితే అదీ పోతుందా?

మిషిగన్ మావయ్య

అమ్మా, భుజం జాగ్రత్త. ఆయిల్ పంపు, హోసులు, బెల్టు ఇవేవీ లేకుండా ఎలక్ట్రిక్ పద్ధతి ఒకటి ఉంది, అది కూడా ఆలోచించు. 2002 నుంచి 2007 దాకా వచ్చిన శాటర్న్ వ్యూ కార్లలో మోటారు స్టీరింగ్ కాలమ్‌కే తగిలించి ఉంటుంది. తుక్కు యార్డుల్లో దొరుకుతుంది. ఆ కారు కంప్యూటర్ నుంచి వేగం సమాచారం అందకపోయినా అది ఆగిపోదు, ఒక స్థిరమైన స్థాయిలో సాయం చేస్తూ ఉంటుంది. ఎంత సాయం కావాలో తిప్పుకోడానికి చిన్న నాబ్ ఉన్న కంట్రోలర్లు విడిగా అమ్ముతున్నారు. నా ఫోర్డ్ పికప్‌లో అదే పెట్టాను. డ్యాష్‌బోర్డ్ కింద దాక్కుంటుంది, ఇంజిన్ గదిలో పంపు, హోసులు లాంటివేమీ చేరవు. ఆయిల్ కారే బాధ లేదు.

ఒకటి చూసుకోవాలి, కరెంటు. గట్టిగా తిప్పినప్పుడు ఆ మోటారు యాభై అరవై ఆంపియర్లు లాగుతుంది. ఆ రోజుల షెవీ పికప్‌లకి మామూలుగా వచ్చిన ఆల్టర్నేటర్ 37 ఆంపియర్లది. కాబట్టి పెద్ద ఆల్టర్నేటర్, బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి వైరు, దానికి ఫ్యూజు తప్పనిసరి.

హ్యూస్టన్ గ్యారేజీ

అక్కా, మీరు చెప్పినవాటిలో రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ఆగి ఉన్న బండిలో బరువు ఒకటి, హైవే మీద ఊగడం ఒకటి. పవర్ స్టీరింగ్ మొదటిదాన్ని తీరుస్తుంది. రెండోదాన్ని తీర్చదు, దాచేస్తుంది. నా భయమంతా అక్కడే, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

స్టీరింగ్ తిప్పుడుని కింద చక్రాలకి అందించే గేర్ పెట్టెనే బాక్స్ అంటాం. పవర్ బాక్స్ లోపల మెలిపడే సన్నటి కడ్డీ, టార్షన్ బార్, ఉంటుంది. మీరు చక్రం తిప్పగానే అది కాస్త మెలిపడుతుంది. ఆ మెలికతో వాల్వ్ తెరుచుకుని, పంపు నుంచి వచ్చే ఆయిల్ పిస్టన్‌ని ఒక పక్కకి నెడుతుంది. ముందు చక్రాలని తిప్పే బలమంతా ఆ ఆయిల్‌దే. మీ చేతికి తెలిసేది ఆ బార్ మెలిక ఒక్కటే. కింద టై రాడ్ (చక్రాలని తిప్పే కడ్డీ) ఎండ్ వదులైనా, ఐడ్లర్ ఆర్మ్ (ఆ కడ్డీలకి రెండోపక్క ఆధారమిచ్చే చెయ్యి) ఆడుతున్నా అంత స్పష్టంగా చేతికి అందదు. ఇప్పుడున్న మాన్యువల్ బాక్స్ మీకు అన్నీ చెబుతోంది. ఆ ఊగడం అదే. ముందు దాని మాట వినండి.

ఇద్దరు మనుషులుంటే చాలు. బండి నేల మీద, ఇంజిన్ ఆపేసి, ఒకరు చక్రాన్ని అటో అంగుళం ఇటో అంగుళం ఆడిస్తూ ఉండాలి. రెండోవాళ్ళు కింద పడుకుని పైనుంచి కిందికి వరసగా చూడాలి. కాలమ్ షాఫ్టుకీ బాక్స్‌కీ మధ్య రబ్బరూ గుడ్డా కలిపిన బిళ్ళ ఉంటుంది, రాగ్ జాయింట్. అది పగుళ్ళిచ్చిందా? షాఫ్టు తిరుగుతున్నా పిట్‌మన్ ఆర్మ్, అంటే బాక్స్ నుంచి కిందికి వచ్చి కడ్డీలని కదిపే చెయ్యి, ఆలస్యంగా కదులుతోందా? అలా అయితే ఆట, అంటే వదులు, బాక్స్‌లో ఉంది. పిట్‌మన్ ఆర్మ్ వెంటనే కదిలి చక్రాలు ఆలస్యమైతే ఐడ్లర్ ఆర్మ్, టై రాడ్లు చూడండి. ఈ బళ్ళలో ఐడ్లర్ ఆర్మ్ పైకీ కిందికీ ఊగడం చాలా మామూలు. బాక్స్ మీద ఉన్న సర్దుబాటు స్క్రూని బిగించి ఆట తీసేద్దామని మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు. నడిమధ్యన బిగువు ఎక్కువైతే లోపలి పళ్ళు అరిగిపోతాయి, మలుపు తర్వాత చక్రం తిరిగి మధ్యకి రాదు.

2025 జనవరి నుంచి మన టెక్సాస్‌లో సొంత బళ్ళకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. అంటే ఏడాదికోసారి ఇంకో మనిషి కింద చూసే అవకాశం కూడా పోయింది. మనమే చూసుకోవాలి.

టైర్లు ఏ సైజు? ఈ బళ్ళు సన్నటి పాతరకం టైర్లతో వచ్చాయి. ఇప్పుడు చాలామంది 235/75 ఆర్ 15 రేడియల్స్ వేస్తున్నారు. రోడ్డుకి అంటుకునే రబ్బరు ఎక్కువైంది కాబట్టి ఆగి ఉన్నప్పుడు బరువూ ఎక్కువే. గాలి కూడా తగ్గితే ఇక చెప్పక్కర్లేదు. బాల్ జాయింట్లకి గ్రీజు ఎక్కించి, గాలి సరిచేసి ఒకసారి తిప్పి చూడండి. భుజం బాధ పూర్తిగా తీరకపోయినా తేడా మీకే తెలుస్తుంది.

ఇక అసలు పని. నా ఓటు కంపెనీ పద్ధతికే. 1967 నుంచి 1972 దాకా సీ-10లకి పవర్ స్టీరింగ్ డబ్బు కట్టి తీసుకునే ఆప్షన్‌గా ఉండేది. అంటే మీ బండికి పుట్టుకతోనే చోటు ఉంది, ఛాసిస్ కొయ్యక్కర్లేదు. కావలసింది సాగినా (జనరల్ మోటార్స్ వాళ్ళ స్టీరింగ్ విభాగం) పవర్ బాక్స్, దానికి సరిపడే పిట్‌మన్ ఆర్మ్, పంపు, బ్రాకెట్లు, క్రాంక్ పుల్లీలో ఇంకో బెల్టుకి గాడి, ప్రెషర్ హోస్, రిటర్న్ హోస్, కొత్త రాగ్ జాయింట్. మీ మాన్యువల్ పిట్‌మన్ ఆర్మ్ పవర్ బాక్స్‌కి వాడకండి. అదే ఏళ్ళ పవర్ స్టీరింగ్ పికప్‌ది తీసుకోండి.

బాక్స్ కొనేటప్పుడు జాగ్రత్త. సాగినా బాక్సులు బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. లోపల నిష్పత్తి, ఎంతవరకు తిరుగుతుంది అనేవి వేరు. స్పోర్ట్స్ కారు బాక్స్ తెచ్చి పెడితే మలుపు తిరిగే కోణం తగ్గిపోవచ్చు. నర్సరీలో వెనక్కి పెట్టుకోవడం కోసమే కదా మీ తపన అంతా, అది పోగొట్టుకోవద్దు. పైపుల మూతులు కూడా చూడండి. 1970ల మధ్య దాకా వచ్చినవాటిలో ఫ్లేర్ రకం (పైపు మూతి విప్పారి ఉంటుంది), 1980 తర్వాతవాటిలో ఓ-రింగ్ (రబ్బరు ఉంగరం) ఉన్న మెట్రిక్ రకం. పాత హోసు కొత్త బాక్స్‌కి బలవంతంగా బిగిస్తే మరలు పోతాయి. దొరికే అడాప్టర్లతో సరిపెట్టుకోవచ్చు.

పవర్ బాక్స్ మాన్యువల్ దానికంటే పొడుగు. అందుకని కాలమ్ నుంచి వచ్చే షాఫ్టు పొట్టిదవ్వాలి. పొరపాటున కూడా ముందే కొయ్యకండి. బాక్స్ బిగించి, మధ్యకి పెట్టి, రాగ్ జాయింట్ తగిలించి, అప్పుడు కొలవండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో చెబుతున్నాను, అలైన్‌మెంట్. మాన్యువల్ స్టీరింగ్ ఉన్నప్పుడు తిప్పడం తేలిక కావాలని క్యాస్టర్ కోణం, అంటే ముందు చక్రం పక్కలకి తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, తక్కువ పెట్టేవాళ్ళు. క్యాస్టర్ తక్కువైతే హైవే మీద బండి దానంతటది తిన్నగా నిలబడదు. మీరు చెప్పిన ఊగడంలో కొంత భాగం అదే అయ్యుండొచ్చు. పవర్ వచ్చాక ఆ మొహమాటం అక్కర్లేదు. పాజిటివ్ మూడు, నాలుగు డిగ్రీల దాకా ఇవ్వొచ్చు. షాపులో కంప్యూటర్ 1971 నాటి అంకెలు చూపించి "అన్నీ పచ్చగా ఉన్నాయి" అంటుంది. మీకు కావలసిన క్యాస్టర్ కాగితం మీద రాసి ఇవ్వండి, పై కంట్రోల్ ఆర్మ్ దగ్గర షిమ్‌లు (సర్దుబాటు రేకు ముక్కలు) మార్చే ఓపిక ఉన్న షాపుకే వెళ్ళండి.

గోంగూర తోట, డెంటన్

ఇంత ఓపికగా రాసినందుకు ఎంతో సంతోషం. మావయ్య గారూ, ఎలక్ట్రిక్ నాకు మొదట చాలా నచ్చింది. కానీ నా బండిలో గేర్ లివరూ, గేర్లకి పోయే కడ్డీలూ కాలమ్‌కే ఉన్నాయి. కాలమ్ మధ్యలో మోటారు పెడితే వాటినంతా తీసి నేల మీద గేర్ పెట్టాలి. మూడు గేర్లు కాలమ్ మీద వేసుకోవడం నాకు ఇష్టం, కుడిభుజం బాగానే ఉంది. కాబట్టి అది వదులుకుంటున్నాను.

తమ్ముడూ, టైర్లు నువ్వు చెప్పిన సైజువే. శనివారం మా అబ్బాయిని కింద పడుకోబెట్టి నేను చక్రం ఆడించాను. రాగ్ జాయింట్ అంచుల్లో పోగులు లేచిపోయి ఉన్నాయి. ఐడ్లర్ ఆర్మ్ కళ్ళకి కనిపించేలా పైకీ కిందికీ ఊగుతోంది. కింది బాల్ జాయింట్లలో ఒకదానికి గ్రీజు గన్ పెడితే ముందు ఎండిపోయిన నల్లటి ముద్ద బయటికొచ్చింది, ఆ తర్వాతే కొత్త గ్రీజు కనిపించింది. గాలి కూడా సరిచేశాం. నువ్వన్నట్టే తేడా తెలిసింది. నర్సరీ పని మాత్రం ఇంకా నా ఒక్కదాని వల్ల కాదు.

ఇప్పుడు చిక్కు పంపు బ్రాకెట్ దగ్గర. ఎక్కడ చూసినా వీ-8 ఇంజిన్‌వే దొరుకుతున్నాయి. ఆరు సిలిండర్లదానికి దొరకట్లేదు. ఎవరైనా తయారు చేయించారా?

ఆటోనగర్ రెంచి

మేడమ్, నేను విజయవాడ ఆటోనగర్ నుంచి రాస్తున్నాను. మీ బండి నేను చూడలేదు, కానీ బ్రాకెట్ కష్టం నాకు బాగా తెలుసు. మా దగ్గరకి పాత మహీంద్రా జీపులు, ఎంఎం 540లు వస్తాయి. ఓనర్లు వయసు మీదపడి, బండి అమ్మబుద్ధి కాక, పవర్ స్టీరింగ్ పెట్టమంటారు. బొలెరో బాక్స్, పంపు తెచ్చి కూర్చోబెడతాం. అక్కడా దొరకనిది బ్రాకెట్టే, మేమే చేసుకోవాలి.

పల్చటి రేకు వంచి చేస్తే పనికిరాదు. చక్రం చివరిదాకా తిప్పినప్పుడు పంపులో ఒత్తిడి వెయ్యి పీఎస్ఐ దాటుతుంది, ఆ లాగుడంతా బెల్టు మీద, బెల్టు నుంచి బ్రాకెట్ మీద పడుతుంది. రేకు వంగుతుంది, పుల్లీ వంకర అవుతుంది, బెల్టు అరిచి ఎగిరిపోతుంది. పది మిల్లీమీటర్ల ప్లేటు తీసుకోండి. ముందుపక్క ఒక్కటే కాకుండా పంపు వెనక నుంచి ఇంజిన్ బ్లాక్‌కి ఇంకో ఆధారం ఇవ్వండి. బెల్టు బిగించుకోడానికి ఒక బోల్టు రంధ్రం గుండ్రంగా కాకుండా పొడుగ్గా కొట్టించండి.

కొలత ఇలా తీసుకోండి. ముందు క్రాంక్ పుల్లీ గాడికి పొడుగాటి స్టీలు స్కేలు ఆనించండి. పంపు పుల్లీ గాడి సరిగ్గా ఆ గీత మీదికి వచ్చేదాకా పంపుని చేత్తో పట్టుకుని చూడండి. అక్కడ అట్టముక్క పెట్టి బోల్టుల గుర్తులు వేసుకోండి. ఆ అట్ట తీసుకెళ్ళి మెషిన్ షాపులో ఇవ్వండి. ఏ టర్నర్‌కైనా అర్థమవుతుంది. పుల్లీని పంపు షాఫ్టులోకి సుత్తితో కొట్టొద్దు, దానికి స్క్రూతో నొక్కే టూలు ఉంటుంది. సుత్తి దెబ్బకి పంపు లోపల పాడవుతుంది. పిట్‌మన్ ఆర్మ్‌కీ అంతే, పుల్లర్ పెట్టే తియ్యాలి.

షాఫ్టు గురించి హ్యూస్టన్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు. దానికి నేనొకటి కలుపుతాను. షాఫ్టు కోసి మధ్యలో వెల్డింగ్ పెట్టించుకోకండి. మా ఆటోనగర్‌లో ఎంత మంచి వెల్డర్ ఉన్నా నేను ఒప్పుకోను. వెల్డు ఒక్కసారి తెగితే చక్రం చేతిలో ఉత్తినే తిరుగుతుంది. స్ప్లైన్ (చివర పళ్ళ గాడులు) ఉన్న సరైన షాఫ్టు, లేదా రెండుపక్కలా చదును చేసి యూ-జాయింట్‌లో బోల్టుతో బిగించే రకం వాడండి.

ఆయిల్ పోశాక వెంటనే ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ ఆపి ఉండగానే స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పుతూ ఉండండి. డబ్బాలో బుడగలు రావడం ఆగేదాకా తిప్పాలి, మట్టం తగ్గినకొద్దీ పోస్తూ ఉండాలి. మీ భుజానికి ఇది వద్దు, అబ్బాయి చేత చేయించండి. తర్వాత స్టార్ట్ చేస్తే పంపు మూలగదు. ఆయిల్ నురగగా, లేత గులాబీ రంగులో కనిపిస్తే ఇంకా గాలి ఉన్నట్టు. ఆపేసి కాసేపు వదిలెయ్యండి, మళ్ళీ తిప్పండి. నడిపేటప్పుడు కూడా చక్రాన్ని చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుని ఉండకండి, పంపు వేడెక్కిపోతుంది.

మిషిగన్ మావయ్య

కాలమ్ మీద గేర్ అంటే నిజమేనమ్మా, అక్కడ ఎలక్ట్రిక్ కుదరదు. మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. పవర్ స్టీరింగ్ అసలు ట్రక్కుల మనిషి బుర్రలో పుట్టింది. పియర్స్-యారో కంపెనీ ట్రక్కుల విభాగంలో చీఫ్ ఇంజినీరుగా చేసిన ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే దాన్ని కారుకి పెట్టి నడిపి చూపించాడు. అమ్మకానికి వచ్చింది మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్ కార్లలో. బరువు బండి తిప్పలేక చేతులు పడిపోయే మనుషుల కోసం మొదలైన ఆలోచన అది. పాత బండికి పవర్ పెడితే దాని పాతదనం పోతుందని ఎవరైనా అంటే పట్టించుకోకు. నువ్వు నడపడమే ముఖ్యం.

హ్యూస్టన్ గ్యారేజీ

ఆటోనగర్ అన్నగారి మాటలు ప్రింట్ తీసి గ్యారేజీ గోడకి అంటించుకోండి అక్కా.

మొదటిసారి రోడ్డెక్కే ముందు ఒక మాట. మీ మాన్యువల్ బాక్స్ నిష్పత్తి సుమారు 24:1. పవర్ బాక్స్‌లో 17.5:1 లాగా ఉంటుంది. అంటే ఇప్పుడు చక్రం ఎంత తిప్పుతున్నారో అందులో నాలుగింట మూడొంతులు తిప్పితే చాలు, పైగా బరువే ఉండదు. ఇన్నేళ్ళ అలవాటుతో హైవే మీద లేన్ మారబోయి అవసరానికి మించి తిప్పేస్తారు. ముందు ఖాళీ పార్కింగ్‌లో, తర్వాత మీ పొలం రోడ్ల మీద చెయ్యి అలవాటు పడేదాకా నడపండి. హైవే తర్వాత. నడుస్తుండగా బెల్టు తెగినా, ఇంజిన్ ఆగినా బాక్స్‌కీ చక్రాలకీ మధ్య ఇనుప లంకె అలాగే ఉంటుంది, బండి తిరుగుతుంది. కానీ చాలా బరువుగా తిరుగుతుంది, మీ భుజంతో కష్టం. అందుకని బెల్టూ హోసులూ కొత్తవే వెయ్యండి, పాతవాటితో సర్దుకోకండి.

గోంగూర తోట, డెంటన్

ఐడ్లర్ ఆర్మ్, రాగ్ జాయింట్ ఆర్డర్ పెట్టేశాను. ఇవి ముందు మార్చి, పవర్ లేకుండానే కొన్నాళ్ళు నడిపి హైవే మీద ఎలా ఉందో చూస్తాను. అప్పుడు ఏది దేనివల్లో నాకే తెలుస్తుంది. బాక్స్ ఓక్లహోమాలో ఒకాయన దగ్గర ఉంది, 1972 పికప్‌ది, పిట్‌మన్ ఆర్మ్‌తో సహా ఇస్తానన్నారు. ఫోటోలో పైపుల మూతులు ఫ్లేర్ రకమే. సీళ్ళు మార్పించి పెట్టుకుంటాను.

ఆటోనగర్ అన్నగారూ, అట్టముక్క మీద గుర్తులు వేశాక ఫోటో ఇక్కడే పెడతాను. వెనక ఆధారం ఎక్కడ ఇస్తే మేలో మీరు చూసి చెబితే మెషిన్ షాపుకి వెళ్తాను.

ఆటోనగర్ రెంచి

తప్పకుండా పెట్టండి మేడమ్. ఫోటో రెండు వైపుల నుంచీ తియ్యండి, పక్కనే స్కేలు పెట్టండి. బ్లాక్ మీద ఖాళీగా ఉన్న బోల్టు రంధ్రాలు కనిపించేలా ఇంకోటి కావాలి. మరల సైజు కూడా రాయండి.

హ్యూస్టన్ గ్యారేజీ

ఓక్లహోమా బాక్స్ తీసుకునే ముందు ఇన్‌పుట్ షాఫ్టు స్ప్లైన్లు లెక్కపెట్టించండి అక్కా, రాగ్ జాయింట్ రెండు మూడు సైజుల్లో వస్తుంది. ఆర్డర్ పెట్టింది ఇప్పటి మాన్యువల్ బాక్స్‌కి సరిపడేది కాబట్టి పవర్ బాక్స్‌కి ఇంకోటి కావాల్సి రావచ్చు. విప్పిన మాన్యువల్ బాక్స్‌ని తుక్కుకి ఇవ్వకండి. పవర్ బాక్స్ అమ్మేవాళ్ళు దాన్ని కోర్‌గా (బదులుగా తిరిగి తీసుకునే పాత భాగంగా) తీసుకోరు ఎలాగూ. గ్రీజు నింపి, పాత పిట్‌మన్ ఆర్మ్‌తో సహా ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టండి.